దుంపలక్క పంచిన డాలియాలు

మా ఆసుపత్రిలో నరం దొరకనివాళ్ళందరినీ ఆవిడ దగ్గరికే పంపేవాళ్ళం. ముసలివాళ్ళు, పసిపిల్లలు, సూది పేరెత్తితేనే కళ్ళు తిరిగేవాళ్ళు. ఆవిడ మోచేతి మడత దగ్గర రెండు వేళ్ళు ఆనించి, ఎటో చూస్తూ, ఏదో ఒక కబురు అడిగేది. వాళ్ళు జవాబు చెప్పేలోపే రక్తం గొట్టంలోకి వచ్చేసేది. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ గొట్టాల మీద పేర్లు అంటించేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు అలా పక్కపక్కనే పనిచేశాం. అందుకే ఆవిడకు జరిగింది నేను చెప్పగలను.

ఆవిణ్ణి అందరూ దుంపలక్క అనేవాళ్ళు. కోపమొస్తే "నీ దుంప తెగ" అనడం ఆవిడకు ఊతపదం. పైగా ఏడాదికోసారి ఆవిడ నిజంగానే దుంపలు తెంచేది. డాలియా దుంపలు. ఆవిడ నోట ఆ తిట్టు రావడం ఆలస్యం, గదిలో ఎవరో ఒకరు "తెంచి మాకొకటివ్వక్కా, పెంచుకుంటాం" అనేవాళ్ళు. చాలామంది అలా వేళాకోళానికి అడిగి, నిజంగానే పుచ్చుకుని, నిజంగానే పెంచుకున్నారు.

మొదటి దుంప ఆవిడకు ఒక ముసలాయన ఇచ్చాడు. ఉత్తరాలు పంచే పని చేసి మానేసిన మనిషి. ముగ్గురు గుచ్చి గుచ్చి వదిలేసిన చేతికి ఈవిడ ఒక్క పోటుతో పని కానిచ్చింది. మరుసటి వారం ఆయన పాత పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే, మట్టి అంటుకున్న వేలెడంత దుంప.

"ఇదేంటి తాతా, ఉడకేసుకోవాలా?"

"ఉడకేశావంటే నా ఉసురు తగులుతుంది. పాతిపెట్టు. కన్ను పైకి ఉండాలి సుమా."

"దుంపకి కన్నేంటి?"

ఆయన గోటితో మెడ దగ్గర ఆవగింజంత బుడిపె చూపించాడు. కన్ను ఉంటేనే మొలక, మెడ విరిగితే ఎంత లావు దుంపైనా వట్టిదే అని చెప్పి వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకు ఆ మొక్క పూసింది. పళ్ళెమంత పువ్వు. అంచుల్లో ముదురు ఎరుపు, లోపలికి పోయేకొద్దీ నలుపు. ఆయనకు చూపిద్దామని దాన్ని కోసి తడిగుడ్డలో చుట్టి ఆసుపత్రికి తెచ్చింది. ఆయన పోయి అప్పటికి మూడు వారాలైందట. ఆయన పెరడంతా కొడుకు సిమెంటు చేయించేశాడని తర్వాత తెలిసింది. ఆ రకం భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో ఎవరికీ తెలియదు. దానికి ఆవిడ 'ఉత్తరాల తాత' అని పేరు పెట్టుకుంది.

అక్కణ్ణించి పట్టుకుంది పిచ్చి. ఎక్కడ ఏ గోడ మీంచి డాలియా తొంగిచూసినా తలుపు తట్టి అడిగేది. ఇచ్చినవాళ్ళ పేరే పువ్వుకు పేరు. 'బేకరీ వదిన' అంటే లేత పసుపు, బంతిలా గుండ్రం. 'కంటి డాక్టరు' అంటే తెలుపు, రేకులన్నీ సూదుల్లా. 'కోపిష్టి మాస్టారు' అంటే నారింజ రంగు, ఊతకర్ర కట్టకపోతే రోజుకో కొమ్మ విరుచుకుంటుంది. నేను ఆవిడ పక్కన చేరిన పన్నెండో ఏటికి అరవై మూడు రకాలయ్యాయి. పెరట్లో నీళ్ళ తొట్టికీ ప్రహరీకీ మధ్య నేలంతా అవే. మొక్కలు వాడిపోయే కాలం రాగానే దుంపలు తవ్వి, కడిగి, నీడన ఆరబెట్టి, వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టులో పెట్టి, పెట్టెల్లో సర్ది మంచం కింద దాచేది.

వాళ్ళాయన కారు నడపడం నేర్పించే మనిషి. పక్కసీట్లో కూర్చుని తన కాలికింద ఉన్న రెండో బ్రేకు తొక్కడం ఆయన బతుకుతెరువు. "నేను ఊళ్ళో అందరికీ బ్రేకు వేశాను గాని, మా ఇంటిదానికి వెయ్యలేకపోయానయ్యా. మంచం కింద కాస్త చోటు మిగిలితే చాలు, ఏదో ఒకరోజు నన్నూ పొట్టులో పెట్టేస్తుంది" అనేవాడు. అనేవాడే గాని, ఊతకర్రలు పాతేదీ, గాలివానకు పరుగెత్తి కట్లు బిగించేదీ ఆయనే.

దుంపలు విడదీసే రోజు ఆవిడ సెలవు పెట్టేది. గుత్తిని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు చూసుకుని, ఒక్కో దుంప కోసేది. కత్తి వాళ్ళ నాన్నది. ఆయన చెప్పులు కుట్టేవాడు. తోలు కోసే వంకర కత్తి, అరిగి అరిగి సగమైంది. తండ్రి వస్తువు అదొక్కటే మిగిలింది. అరవై మూడు గుత్తులూ ఒకే బిగిన ఆ ఒక్క కత్తితోనే కోసేది. తనకు కావలసినవి ఉంచుకుని మిగతావి పంచేసేది. ఆసుపత్రిలో, వీధిలో, బస్సులో పరిచయమైనవాళ్ళకు సైతం. డబ్బు మాటెత్తితే "నీ దుంప తెగ" తప్పదు.

అందరికన్నా ఎక్కువ దుంపలు తోడికోడలికి వెళ్ళాయి. ఆవిడ మరిది భార్య ఉండేది గోడకవతలి ఇంట్లోనే. మరిది గడియారాలు బాగుచేసేవాడు. నలభై ఆరో ఏట ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. ఎనిమిది నెలలు నోట్లోంచి మూలుగు తప్ప ఏమీ రాలేదు. మంచం కిటికీ పక్కకి జరిపారు. కిటికీ కింద ఉత్తరాల తాత పూసే రోజులు. ఒకనాడు మాట నేర్పించడానికి వచ్చే అమ్మాయి పువ్వులు చూపిస్తూ "ఎన్ని?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పుస్తకం తిప్పుకుంటోందట. మంచం మీంచి "ఏడు" అని వినబడింది. నిజంగా ఏడే ఉన్నాయి.

అప్పట్నించీ పొద్దున్నే ఆయన పువ్వులు లెక్కపెట్టడం ఆ ఇంటికి ఒక అలవాటైంది. లెక్క నుంచి మెల్లగా ఇంకొన్ని మాటలొచ్చాయి. నీళ్ళు, వదినా, చాలు, కిటికీ. పువ్వులు లేని నెలల్లో మాటలు తగ్గేవి. మళ్ళీ మొగ్గ తొడిగితే తిరిగొచ్చేవి. దుంపలక్క ఆ కిటికీ కింద ఏటా మంచి దుంపలు ఏరి నాటేది.

ఆ తర్వాత మూడో ఏడు ఆసుపత్రికి ఒక అమ్మాయి రక్తపరీక్షకు వచ్చింది. మొక్కల జబ్బులు పరీక్షించే చోట పని. మా బల్ల మీద గాజు సీసాలో ఎప్పుడూ ఒక డాలియా ఉండేది. ఆ అమ్మాయి చెయ్యి చాపి కూర్చుని పువ్వుని కాక ఆకుని చూసింది.

"అక్కా, ఈ ఆకు ఈనెల పక్కన పసుపుగా పాలిపోయింది చూశారా? ఎన్నాళ్ళుగా ఇలా?"

"అది దాని అందమమ్మా. మా తోటలో చాలావాటికి అలాగే ఉంటుంది."

"చాలావాటికా?" అంది ఆ అమ్మాయి. సూది దిగినా ఉలకలేదు. "నాకు కొన్ని ఆకులు ఇస్తారా? ఒక్కోటి విడివిడిగా, పేరు రాసి."

దుంపలక్క సంబరపడిపోయింది. తన తోటకు పెద్దచోట గుర్తింపు వస్తోందనుకుంది. మర్నాడు పన్నెండు మొక్కల ఆకులు, పన్నెండు సంచుల్లో. నేనే పేర్లు అంటించాను.

పదిరోజులకు ఆ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. పన్నెండింట్లో పదకొండింటికి వైరస్ ఉంది. ఆకులు ముడుచుకుని, మొక్క గిడసబారి, పువ్వు ఏటికేడు చిన్నదవుతుందనీ, కొన్ని రకాలు పైకి నిక్షేపంగా కనబడుతూనే లోపల మోస్తుంటాయనీ చెప్పింది.

"దీనికి మందేంటి?" అని అడిగింది దుంపలక్క. అడగడంలో ఇంకా ధైర్యం ఉంది.

"మందు లేదక్కా. తవ్వి కాల్చేయడమే."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

"మొదట ఏదో ఒక దుంపతో వచ్చుంటుంది. పేనుబంక పురుగు ఒక మొక్క రసం పీల్చి ఇంకోదాని మీద వాలితే అంటుకుంటుంది. ఇంకా..." ఆ అమ్మాయి ఆగింది. "దుంపలు కోసేటప్పుడు మధ్యలో కత్తి శుభ్రం చేస్తారా?"

దుంపలక్క తన ఎదురుగా ఉన్న డబ్బా వైపు చూసింది. వాడిన సూదులు పారేసే డబ్బా అది. నాతోనో ఆ అమ్మాయితోనో తెలియకుండా అంది. "ముప్పై ఏళ్ళు. ఒకళ్ళకి గుచ్చిన సూది ఇంకొకళ్ళకి గుచ్చలేదు. ఒక్కసారీ గుచ్చలేదు."

ఆవిడ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్న కత్తిని కడిగి, తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుందని వాళ్ళాయన చెప్పాడు.

ఎవరెవరికి ఇచ్చిందో గుర్తు చేసుకోవడానికి రెండు రోజులు పట్టింది. గుర్తొచ్చినవాళ్ళే నూటపదిమంది దాటారు. సెలవులు పెట్టి ఇల్లిల్లూ తిరిగింది. బేకరీ వదిన "అయ్యో, దానికేం భాగ్యం, పీకేస్తా" అని అప్పటికప్పుడే పీకి పారేసి టమాటా నారు తెచ్చింది. అంత సులువుగా పీకేయడం చూసి ఆ రోజిక దుంపలక్క ఇంకో గుమ్మం ఎక్కలేదు. కోపిష్టి మాస్టారు గుమ్మంలోనే నిలబెట్టి, "నా మొక్క నాకంటే ఆరోగ్యంగా ఉంది. ముందు నన్ను తవ్వి కాల్చు, తర్వాత దాన్ని" అని తలుపేసుకున్నాడు. కొందరు ఇల్లు మారిపోయారు. కొందరు సరేనన్నారు, చేశారో లేదో తెలియదు. ఒకావిడ మాత్రం "మరి తెలియకుండా ఎందుకు పంచావమ్మా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది, తిట్టలేదు. దుంపలక్క నాకిచ్చిన మొక్కని నేను తవ్వేశాను. నిజం చెప్పాలంటే వారం ఆగి తవ్వాను. మొగ్గ విచ్చుకునేదాకా.

తోడికోడలి దగ్గరికి అందరికన్నా ఆఖర్న వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. నేనెందుకని అడిగితే, "నువ్వుంటే నేను ఏడవను తమ్ముడూ" అంది.

మేం వెళ్ళేసరికి తోడికోడలు మరిదికి గడ్డం గీస్తోంది. అప్పటికే విషయం గోడ మీంచి చేరిపోయినట్టుంది. దుంపలక్క నోరు విప్పకముందే ఆవిడ సబ్బునురగ అంటిన చేత్తో ఆగమన్నట్టు సైగ చేసి, మమ్మల్ని వంటింట్లోకి నడిపించింది.

"అక్కా, నీవి నువ్వు తవ్వుకో. నావి ముట్టుకోకు."

"నీ మొక్కలు ఉన్నంతకాలం ఈ గోడకి ఇటూ అటూ ఏదీ బతకదే. పురుగు గోడ చూసి ఆగుతుందా?"

"ఆగకపోతే పోనీ. నీకు పువ్వులు కావాలి. నాకు ఆయన నోట్లోంచి మాట కావాలి. ఆ రెండూ ఒకటేనా అక్కా?"

"వేరే మొక్క తెచ్చి పెడదాం. బంతి పెడదాం, గులాబీ పెడదాం."

"పెట్టి చూశాను కదా. పోయినేడు ఈ దుంప మొలవడం ఆలస్యమైందని గులాబీ కుండీ పెట్టాను. తల తిప్పేసుకున్నాడు. నెలరోజులు నాతో మాట్లాడలేదు. నీకు తెలియదా?" ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వు నాటిందే. నువ్వే ఇచ్చావు. ఇప్పుడు నువ్వే తవ్వుతానంటే నేనేం చెప్పను ఆయనకి?"

లోపల్నించి "వదినా" అని పిలుపు వచ్చింది. దుంపలక్క వెళ్ళింది. ఆయన సగం గీసిన గడ్డంతో ఎడమచెయ్యి కిటికీ వైపు చాపాడు.

"తొమ్మిది" అన్నాడు.

"అవునయ్యా, తొమ్మిది" అంది దుంపలక్క. బయటికొచ్చాక గేటు దగ్గర నాతో, "నేను లెక్కపెట్టలేదు. నువ్వు చూశావా? తొమ్మిదేనా?" అని అడిగింది. నేనూ చూడలేదు.

తనవి తనే తవ్వింది. అరవై మూడు రకాలు, పదకొండు గోతాలు. చెత్తలో వేస్తే ఎవరైనా ఏరుకుపోయి నాటుకుంటారని భయం. మా ఆసుపత్రి వెనక రోగాల చెత్త కాల్చే కొలిమి ఉంది. దాని దగ్గర పనిచేసే ముసలాయన్ని బతిమాలితే ఒప్పుకున్నాడు. వాళ్ళాయన నేర్పుడు కారులోనే రెండు విడతలుగా గోతాలు తెచ్చాడు. ఆ రోజు ఆయన ఒక్క జోకూ వేయలేదు. నేనూ ఆయనా మోశాం. కొలిమాయన తలుపు తెరిచి ఒక్కో గోతం తోస్తూ, "ఏంటమ్మా ఇవి, తినేవా?" అని అడిగాడు. పచ్చిదుంపలు కాబట్టి చాలాసేపు మండలేదు, చిటపటలాడుతూ నీరు కక్కాయి. ఆవిడ చివరిదాకా నిలబడింది. పేర్లు రాసిన పుల్లలు మాత్రం కాల్చలేదు. ఒక కట్టగా కట్టి సంచిలో వేసుకుంది. వాటికి జబ్బు లేదు కదా అంది.

మొక్కల అమ్మాయి మరుసటి కాలానికి పరీక్ష చేసిన మంచి దుంపలు నాలుగు పంపింది. దుంపలక్క నేల మట్టి తిరగేసి, కొత్త కత్తి కొని, మరిగిన నీళ్ళలో ముంచి, అన్నీ చెప్పినట్టే చేసింది. రోజూ పొద్దున్నే ఆకులు తిరగేసి పేనుబంకను సబ్బునీళ్ళతో తుడిచేది. రెండు నెలలు బాగానే ఉన్నాయి. ఒకరోజు పనికి వచ్చి, గొట్టాలు సర్దుతూ, నా వైపు చూడకుండా "వచ్చింది తమ్ముడూ" అంది. ఆకుల్లో మళ్ళీ అవే పసుపు గీతలు. మొదట ఒకటి. నెలతిరక్కుండా నాలుగూ. తవ్వేసింది. గోడకవతల ఆ మాట చెప్పలేదు. వాళ్ళాయన్ని కూడా చెప్పనివ్వలేదు. పెరట్లో తీగలు కట్టి బట్టలారేయడం మొదలుపెట్టారు.

కానీ గోడకవతలి మొక్కల పని ఎవరు చూస్తారు? తోడికోడలికి మనిషిని లేపి కూర్చోబెట్టడంతోనే నడుం విరిగిపోయేది. అందుకని దుంపలక్కే వెళ్ళి వాటికి నీళ్ళు పోసేది. ఊతకర్రలు పాతేది. ముడుచుకున్న ఆకులు కిటికీలోంచి కనబడకుండా తుంచేది. ఇంత జబ్బని తెలిసీ ఎరువు వేస్తావేంటని నేనంటే, "ఏం చెయ్యమంటావు? తవ్వనివ్వరు. ఎండనివ్వలేను" అంది.

ఎరువుకి అది లొంగలేదు. పళ్ళెమంత పువ్వు సాసరంతైంది. మరుసటి ఏటికి గుప్పెడంత. తొమ్మిది పూసిన చోట ఐదు, ఐదు పూసిన చోట రెండు. పువ్వులు తగ్గాయని మరిది గ్రహించాడో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నన్ని చెప్పేవాడు. ఒక ఏడాది "ఒకటి" అని పదహారు రోజులు చెప్పాడు. పదిహేడో రోజు రేకులు రాలాయి. ఆయన కిటికీ వైపు చూసి, ఏదో అనబోయి, నోరు మూసుకున్నాడు.

తర్వాతి కాలానికి దుంప మొలవలేదు. దుంపలక్క మట్టి కదిపి చూసింది. కుళ్ళలేదు, ఎండలేదు, ఉత్త పీచు మిగిలింది. తోడికోడలు మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నువ్వు చెప్పినప్పుడే తవ్వేసుంటే నీ తోటైనా నిలిచేదేమో అక్కా. నీదీ పోయె, నాదీ పోయె."

"అప్పుడు తవ్వేసుంటే ఇన్నేళ్ళు ఆయన లెక్కపెట్టేవాడా?" అంది దుంపలక్క. "లే. ఆయనకి మందు టైమైంది."

ఇప్పుడు మరిది కిటికీ ఎదురుగా కరెంటు తీగ ఉంది. కొన్ని రోజులు దాని మీద వాలిన పిట్టల్ని లెక్కపెడతాడు. కొన్ని రోజులు పెట్టడు. పిట్టలు పువ్వుల్లా ఒకచోట కుదురుగా ఉండవు. లెక్క తప్పితే ఆయనకి కోపమొస్తుంది, ఆ రోజిక మాట్లాడడు.

దుంపలక్క పోయినేడు పని విరమించింది. మేం ఆవిడకు సన్మానం చేశాం. పువ్వులు తేవద్దని నేను అందరికీ ముందే చెప్పాను. ఆ సాయంత్రం ఆవిణ్ణి బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. స్టాపులో నిలబడ్డాం. ఒకావిడ మమ్మల్ని చూసి గబగబా వచ్చింది. ఎప్పుడో కాన్పుకి మా ఆసుపత్రికి వచ్చిన మనిషట. దుంపలక్క ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.

"మర్చిపోయారా అక్కా? మీరు నాకు నాలుగు దుంపలు ఇచ్చారు. చూడండి!" అని ఫోను తీసి చూపించింది. ప్రహరీ పొడుగునా డాలియాలు. పసుపు, తెలుపు, నారింజ. వాటి మధ్య, చిన్నగా, ముదురెరుపు నలుపు. ఫోటో పక్కకు జరిపి ఇంకో ఇల్లు చూపించింది. "ఇది మా చెల్లెలిది. వాళ్ళ ఊళ్ళో ఎవరి దగ్గరా లేవు. దాని పేరే డాలియాలావిడ అయిపోయింది. ఏటా కోసి అందరికీ పంచుతుంది, అచ్చం మీలాగే."

దుంపలక్క ఫోను చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. ఆకు దగ్గర ఆగింది. నేను ఆవిడ భుజం మీంచి చూశాను. ఈనెల పక్కన పసుపు గీతలు నాక్కూడా కనబడ్డాయి.

"ఆ ఊళ్ళో ఎంతమందికి ఇచ్చింది మీ చెల్లెలు?" అని అడిగింది.

"అబ్బో, ముప్పై నలభై ఇళ్ళుంటాయి. వాళ్ళ బడిలో పిల్లలకి కూడా ఇచ్చింది." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మీరు చూస్తే ఎంత సంతోషిస్తారో అని ఎన్నిసార్లు అనుకున్నానో అక్కా."

దుంపలక్క నోరు తెరిచింది. చెప్పబోతోందని నేననుకున్నాను. నూటపది గుమ్మాల్లో చెప్పిన మాటే కదా, వరసా వాక్యాలూ ఆవిడ చెప్పగా విని విని నాకూ కంఠతా వచ్చు. ఆవిడ ఒకసారి నా వైపు చూసింది.

"మీ చెల్లెలి ఫోను నంబరు ఇస్తావా అమ్మా?" అంది చివరికి.

ఆవిడ సంబరంగా నంబరు చెబుతోంది. దుంపలక్క ఫోను తిరిగిచ్చి, నా కలం తీసుకుని అరచేతిలో రాసుకుంటోంది. నాలుగంకెలు రాశాక ఆ మనిషి ఎక్కాల్సిన బస్సొచ్చింది. జనం తోసుకున్నారు. ఆ మనిషి బస్సు మెట్టు మీంచి మిగతా అంకెలు అరిచి చెప్పింది గాని, హారను మోతలో మా ఇద్దరికీ వినబడలేదు.